ఏడుపు ఆగే చోటు

టీకాల రోజున బస్తీ దవాఖాన ముందు కాసేపు నిలబడితే పసిపిల్లల సంగతులు చాలా కళ్లబడతాయి. హైదరాబాద్ పాతబస్తీలో తలాబ్‌కట్ట దగ్గర ఒక ఇరుకు గల్లీలో అలా ఒక బుధవారం నిలబడ్డాను. ఏడాదిన్నర పిల్లకు తొడ మీద సూది పడింది. పిల్ల వెంటనే ఏడవలేదు. నోరు తెరిచి, ఊపిరి బిగబట్టి, ముందు తల్లి ముఖంలోకి చూసింది. ఆ తర్వాత గుక్కపెట్టింది. తల్లి భుజాన వేసుకుని "హో గయా బేటా, హో గయా" అంటూ వీపు నిమిరింది. పక్కన తన మనవడి వంతు కోసం కూర్చున్న తెలుగు అవ్వ ఒకావిడ ఉంది. ఆ పిల్లకు ఏమీ కాని మనిషి. "అయిపోయింది బిడ్డా, ఆ సూదిని కొడదాం పట్టు" అని బల్ల మీద చేత్తో ఒకటి వేసింది. పిల్ల తల తిప్పి ఆ చేతివంక చూసింది. రెండు నిమిషాలు గడిచేసరికి ఏడుపు వెక్కిళ్లయింది. ఇంకో నిమిషానికి టీకా కార్డు అంచు నోట్లోకి వెళ్లింది.

ఆ కాస్త వ్యవధిలో పిల్ల ఒంట్లో చాలా పెద్ద పని జరిగింది. సూది గుచ్చుకోగానే మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా గంట మోగిస్తుంది. కబురు హైపోథాలమస్‌కూ, అక్కడి నుంచి పీయూష గ్రంథికీ, చివరికి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకూ చేరుతుంది. అడ్రినలిన్ క్షణాల్లో గుండెను పరుగెత్తిస్తుంది. కార్టిసాల్ కాస్త నిదానంగా పెరిగి, ఒంట్లో దాచుకున్న చక్కెరను వాడకంలోకి తెస్తుంది. ప్రాణం కాపాడే ఏర్పాటే ఇది. చిక్కల్లా ఏమిటంటే, గంట మోగించడం పుట్టుకతో వస్తుంది గానీ ఆపడం రాదు. ఆపే పని ఎక్కువగా నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అది పూర్తిగా పదునెక్కడానికి దాదాపు పాతికేళ్లు పడుతుంది. ఏడాదిన్నర పిల్లకు ఆ పగ్గం ఇంకా చేతికి రాలేదు. అందుకే పెద్దవాళ్ల పగ్గాన్ని అరువు తెచ్చుకుంటుంది. సూది పడగానే తల్లి ముఖంలోకి చూసిందే, ఆ అరువు కోసమే.

ఇది ఊహ కాదని చూపించినవాళ్లలో అమెరికా శాస్త్రవేత్త మెగన్ గున్నార్ ముఖ్యురాలు. ఆమె బృందం 1996లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పద్దెనిమిది నెలల పిల్లలు 77 మంది పాల్గొన్నారు. వాళ్ల ముందుకు జోకరు వేషం వేసిన మనిషి లాంటి కొత్త, వింత సంగతులు తెచ్చారు. తల్లి దగ్గరే ఉంది. దానికి ముందూ వెనకా పిల్లల లాలాజలంలో కార్టిసాల్ కొలిచారు. బెదురు స్వభావం ఉన్న పిల్లలు భయపడ్డారు, తల్లిని కరుచుకుపోయారు. అయితే తల్లి మీద భరోసా కుదిరిన పిల్లల్లో, పైకి అంత భయం కనిపించినా, కార్టిసాల్ పెరగలేదు. ఆ భరోసా కుదరని బెదురు పిల్లల్లో పెరిగింది. ఒకే రకం భయం రెండు ఒళ్లలో రెండు రకాలుగా పనిచేసిందన్నమాట. పిల్ల ఏడ్చిందా లేదా అన్నదాని కన్నా, ఏడ్చినప్పుడు ఆనుకోవడానికి నమ్మకమైన భుజం ఉందా లేదా అన్నదే ఒంటికి పట్టింది.

దెబ్బ తగిలాక మళ్లీ కుదుటపడే గుణాన్ని ఇంగ్లీషులో రెజిలియన్స్ అంటారు. మన పుస్తకాలు దీన్ని స్థితిస్థాపకత అని రాస్తే రబ్బరు బ్యాండు గుర్తొస్తుంది. ఇళ్లలో అంతకంటే మంచి మాట ఉంది: తేరుకోవడం. జ్వరం నుంచి తేరుకున్నాడంటాం, దుఃఖం నుంచి తేరుకుందంటాం. దెబ్బ తగలలేదని ఆ మాట చెప్పదు. తగిలింది, మనిషి మళ్లీ లేచాడు అంటుంది. పసిపిల్లలకు కావలసింది ఈ తేరుకునే శక్తే.

"కష్టం తెలిస్తేనే గట్టిపడతాడు", "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అనేవాళ్లు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. బడికి పోనంటే పోలీసుకు పట్టిస్తామనీ, అన్నం తినకపోతే సూది వేయిస్తామనీ బెదిరిస్తాం. ఇందులో ప్రేమ లేదనను, చాలాసార్లు అలసట ఉంటుంది. కానీ బెదిరింపుతో పిల్ల నోరు మూతపడినంత మాత్రాన లోపల గంట ఆగదు. కష్టంలో కూడా తేడాలుంటాయి. కొత్త అంగన్‌వాడీలో మొదటి రోజు ఏడుపు చిన్న ఒత్తిడి, అది పిల్లలను ఎదిగిస్తుంది. ఇంట్లో చావో, జబ్బో వస్తే పెద్ద ఒత్తిడి, అయినా పక్కన మనిషి ఉంటే దాటగలరు. హార్వర్డ్‌లో జాక్ షాన్‌కాఫ్ లాంటి పిల్లల వైద్యులు మూడో దాన్ని విషపు ఒత్తిడి అంటారు. రోజూ కొట్లాటలు, ఆకలి, అలక్ష్యం, వాటి మధ్య ఆనుకోవడానికి ఎవరూ లేకపోవడం. అప్పుడు గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కార్టిసాల్ ఎక్కువ రోజులు ఎక్కువగా ఉంటే జ్ఞాపకానికి పనికొచ్చే మెదడు భాగాలు దెబ్బతింటాయి, రోగాలను తట్టుకునే శక్తి తగ్గుతుంది, ప్రతి చిన్న చప్పుడూ ప్రమాదంలా తోస్తుంది. మొదటి మూడేళ్లలో మెదడు చాలా వేగంగా అల్లుకుంటుంది కాబట్టి అప్పటి అలవాటు లోతుగా పడుతుంది.

అయితే అంతటి కష్టంలో పుట్టినవాళ్లందరూ కుంగిపోరు. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ నలభై ఏళ్ల వయసు దాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, కాన్పు ఇబ్బందులు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక జబ్బు, ఇంట్లో గొడవలు వంటి వాటిలో నాలుగైదు ఒకేసారి మీద పడిన పిల్లలను వేరుగా చూశారు. వాళ్లలో మూడో వంతు మంది చక్కగా చదువుకుని, పనిచేసుకుని, ఇల్లు నిలబెట్టుకునే పెద్దవాళ్లయ్యారు. వాళ్ల జీవితాల్లో ఉమ్మడిగా కనిపించినవాటిలో ముఖ్యమైనది, పసితనంలో కనీసం ఒక్క మనిషితో గట్టి బంధం. ఆ ఒక్కరు తల్లే కానక్కరలేదు. నానమ్మ, పెద్దక్క, పక్కింటి మనిషి, బడి టీచరు, ఎవరైనా సరే.

ఇక్కడిదాకా చాలామంది రాస్తారు, నేనూ ఒప్పుకుంటాను. కానీ పాతబస్తీలో తిరిగినప్పుడల్లా నాకొక ప్రశ్న మిగిలిపోతుంది. పిల్లను పట్టుకునే ఆ ఒక్కరిని ఎవరు పట్టుకుంటున్నారు?

మగ్గం వర్క్ చేసే ఇళ్లలోకి వెళితే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, దాని చుట్టూ ఆడవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. జరీ, పూసలు, చమ్కీలు గుచ్చుతారు. పెళ్లిళ్ల సీజనులో ఒక్కో జాకెట్టు కోసం రాత్రిదాకా సూది ఆగదు. అలాంటి ఒక గదిలో పది నెలల బాబు మగ్గం కిందికి పాకి వెళ్లడం చూశాను. వాడికి అది గుడారం. పైన ఎర్రగుడ్డ, చుట్టూ నాలుగు జతల మోకాళ్లు. వాడు కింది నుంచి గుడ్డను తలతో పొడిచాడు. పైన పనిచేస్తున్న తల్లి సూది ఆపకుండానే "కౌన్ హై రే నీచే?" అని, కింద ఎవర్రా అన్నట్టు, అడిగింది. వాడు కిలకిలమన్నాడు. మళ్లీ పొడిచాడు. ఆమె మళ్లీ అడిగింది. ఈసారి పక్కామె కూడా అడిగింది. చేతులు, కళ్లు పనికి కట్టుబడి ఉన్నా నోరు ఖాళీగా ఉంది, పిల్లాడికి ఆ మాటే అందింది. వాడు ఒక చేష్ట చేయడం, దానికి పెద్దవాళ్ల జవాబు రావడం, మళ్లీ వాడు చేయడం. మెదడు అల్లిక ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల మీదే నడుస్తుంది. వీటికి ఖరీదైన బొమ్మలేమీ అక్కర్లేదు.

కానీ ఆ గదిలో ఆమె ఒంటరిగా ఉండి ఉంటే? భర్త జెద్దాలోనో, దమ్మాంలోనో ఉండి, ఫోనులో మాత్రమే కనిపిస్తూ ఉంటే? రాత్రి నిద్ర లేక, పొద్దున లేవాలనిపించక, బాబు గుడ్డను పొడిచినప్పుడు "కౌన్ హై" అనడానికి ఓపిక లేకపోతే? కాన్పు తర్వాత వచ్చే దిగులును మన ఇళ్లలో జబ్బుగా లెక్కించరు. "పిల్లలు పుట్టాక అంతే" అంటారు. దిగులు కమ్మిన తల్లి ముఖం పిల్లకు జవాబివ్వదు, పిల్ల కొన్నిసార్లు అడిగి చూసి ఊరుకుంటుంది. తల్లిని తప్పుపట్టి లాభం లేదు. ఆమెకూ ఆనుకోవడానికి భుజం కావాలి.

ఆ భుజం డాక్టర్లదే కానక్కర్లేదని మన పొరుగు దేశంలో రుజువైంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో అతీఫ్ రహమాన్ అనే వైద్యుడి బృందం, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకే కాస్త శిక్షణ ఇచ్చింది. మన ఆశా కార్యకర్తల లాంటివాళ్లే వాళ్లు. గర్భిణిగా ఉన్నప్పుడే దిగులుతో ఉన్న తల్లుల దగ్గరికి వెళ్లి కూర్చుని, వాళ్ల మాట వినడం, చీకటి ఆలోచనలను కలిసి విప్పిచూడటం, అత్తనూ భర్తనూ కూడా మాటల్లో కలుపుకోవడం వాళ్ల పని. 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పిల్ల పుట్టిన ఆరు నెలలకు మామూలు సేవలే అందిన తల్లుల్లో 53 శాతం మంది దిగులులోనే ఉండగా, ఈ సాయం అందినవాళ్లలో అది 23 శాతం. నన్ను అంతకంటే కదిలించిన ఫలితం మరొకటుంది. ఆ ఇళ్లలో తల్లులతోపాటు తండ్రులు కూడా పిల్లలతో ఎక్కువసేపు ఆడుకున్నారు. పిల్లలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు ఎక్కువమందికి పూర్తయ్యాయి. తల్లికి ఆసరా ఇస్తే అది పిల్ల దాకా చేరింది.

మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్ బృందం నల్గొండ జిల్లాలో అరవై పల్లెల్లో, ఆరు వందల మంది తల్లీపిల్లలతో ఒక అధ్యయనం చేసింది. కొన్ని పల్లెల్లో అంగన్‌వాడీ మామూలు సేవలు మాత్రమే. కొన్నిటిలో వాటితోపాటు ఏ వయసులో ఏం తినిపించాలో ఇంటికొచ్చి చెప్పారు. మూడో రకం పల్లెల్లో దానికి తోడు ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా చూపించారు. పిల్ల ఆకలి సైగలు గమనించడం, బలవంతం చేయకుండా మాటలు చెబుతూ పెట్టడం, ఇంట్లో ఉన్న వస్తువులతో ఆడుకోవడం. చెప్పింది ఊళ్లోని ఆడవాళ్లే. పిల్లలు పదిహేను నెలల వయసుకు వచ్చేసరికి మూడో రకం పల్లెల పిల్లల మానసిక ఎదుగుదల స్కోరు మామూలు సేవలే అందిన పల్లెల పిల్లలకంటే మెరుగ్గా ఉందని 2013లో ప్రచురించారు. గోరుముద్దలు, చందమామ కథలు తెలిసిన భాష మనది, ఇందులో కొత్తేముంది అనిపించవచ్చు. తెలిసిన సంగతైనా, చేయడానికి ఓపిక, తోడు ఉన్న తల్లే చేయగలదు.

తోడు అంటే చుట్టాలే అనుకోనక్కరలేదు. ప్రభుత్వం పెట్టే భోజనం కూడా తోడే. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన యంగ్ లైవ్స్ అనే సుదీర్ఘ పరిశీలన, హైదరాబాద్ సహా ఏడు జిల్లాల్లో మూడు వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చింది. అందులోని వివరాలు తీసుకుని అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ఆర్థికవేత్తలు కరువు దెబ్బతిన్న ఇళ్ల పిల్లలను గమనించారు. పసితనంలో కరువు చూసిన పిల్లలు ఎత్తులో, బరువులో వెనకబడ్డారు. అయితే తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం దొరికినవాళ్లు ఆ లోటును పూడ్చుకోగలిగారు. కరువు ఇంటి మీద పడింది, తేరుకోవడం బడి వంటగదిలో మొదలైంది. పాతబస్తీలో అంగన్‌వాడీ టీచరు ఇంటింటికీ ఇచ్చే బాలామృతం పోషకాహార పొట్లాన్నీ, గుడ్లనూ ఈ లెక్కలోనే చూడాలి. పొట్లంతోపాటు ఆమె గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడి "ఏమ్మా, నిద్రపోతున్నావా?" అని తల్లిని అడిగితే ఇంకా మేలు.

వరద కూడా పాతబస్తీకి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు నూట యాభై మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మన పిల్లలకు తెలిసిన వరద 2020 అక్టోబరుది. 13వ తేదీ రాత్రి కురిసిన వాన, ఆ తర్వాత 17న గుర్రం చెరువు తెగి హాఫిజ్ బాబానగర్ చుట్టుపక్కల ఇళ్లలోకి వచ్చిన నీళ్లు. అలాంటి రాత్రి తర్వాత మూడు, నాలుగేళ్ల పిల్లల్లో కొన్ని మార్పులు వస్తాయి. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, అమ్మ కొంగు వదలరు, మబ్బు పడితే వణుకుతారు. ఆటలో చెంబుతో నీళ్లు పోసి బొమ్మలను ముంచి, తీసి, మళ్లీ ముంచుతారు. పెద్దవాళ్లకు అది చూస్తే గుండె తరుక్కుపోయి "ఆపు ఆ ఆట" అంటారు. ఆపకూడదు. ఆ ఆటలో వరద పిల్లల చేతిలో ఉంది, ఎప్పుడు ఆపాలో వాళ్లే నిర్ణయిస్తున్నారు. పక్కన కూర్చుని, "బొమ్మను ఎవరు బయటికి తీశారు?" అని అడిగితే చాలు. వేళకు అన్నం, వేళకు పడక, తెలిసిన ముఖాలు, వీటిని ఎంత త్వరగా తిరిగి తెచ్చుకోగలిగితే పిల్లలు అంత త్వరగా కుదుటపడతారు. షాదీఖానాలో పడుకోవలసి వచ్చినా నానమ్మ పక్కనే పడుకోనివ్వాలి. పెద్దవాళ్లు ఇళ్లు కడుక్కునేదాకా పిల్లలను దూరపు చుట్టాల ఇంటికి పంపేయడం మంచి ఉద్దేశంతో చేసే పొరపాటు.

తెలిసిన ముఖం లేకపోవడం ఎలాంటిదో 2015 జనవరిలో ఊరంతా చూసింది. పాతబస్తీలో గాజుల తయారీ గదుల్లో పోలీసులు సోదా చేస్తే రెండు వందల మందికి పైగా పిల్లలు బయటపడ్డారు, ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. ఇరుకు గదుల్లో లక్క, రసాయనాల వాసన మధ్య రోజంతా పని. లాడ్‌బజార్ లక్కగాజుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వేడి లక్కను పసిచేతులు తాకకుండా చూసే పని కూడా ఆ గుర్తింపులో భాగమే అనుకుంటాను. ఆ పిల్లలకు పనితోపాటు హాని చేసింది, దెబ్బ తగిలితే చూపించుకోవడానికి తమ మనిషంటూ లేకపోవడం.

ఇంట్లో మనుషులున్నంత మాత్రాన సరిపోదు కూడా. ఉమ్మడి కుటుంబాన్ని తలచుకుని మురిసిపోవడం నాకు నచ్చదు. పదిమంది ఉన్న ఇంట్లో తల్లి రోజూ దెబ్బలు తింటుంటే పిల్ల మంచం కింద దాక్కుని వింటూ ఉంటుంది. ఉర్దూ కవయిత్రి జమీలా నిషాత్ 2002లో స్థాపించిన షాహీన్ సంస్థ పాతబస్తీలో హింసకు గురైన ఆడవాళ్లకు అండగా నిలుస్తోంది. దాన్ని ఆడవాళ్ల సంస్థ అంటారు. పిల్లల మెదడు గురించి ఇంత తెలిశాక, అది పసిపిల్లల సంస్థ కూడా అనే చెప్పాలి.

ఇన్ని ఉన్నా మధ్యలో ఒక పెద్ద ఖాళీ ఉంది. అంగన్‌వాడీ బడిలో కూర్చునేది మూడేళ్లు నిండినవాళ్లు. అంతకంటే చిన్నవాళ్లకు పొట్లాలు, గుడ్లు, టీకాలు అందుతాయి, పగలంతా చూసుకునే చోటు మాత్రం చాలామందికి దొరకదు. మెదడు ఎక్కువగా అల్లుకునే మూడేళ్లూ తల్లి ఒడికీ, పక్కింటి దయకీ వదిలేశాం. కేంద్ర ప్రభుత్వం 2024లో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలను ఎలా ఆడించాలో చెప్పే నవచేతన అనే మార్గదర్శిని తెచ్చింది, మంచిదే. కాని ఒకే అద్దెగదిలో వంట, తూకం, రిజిస్టర్లు, పాఠాలు అన్నీ నడిపే టీచరమ్మకు ఇంటింటికీ తిరిగి ఆటలు నేర్పే వ్యవధి ఎక్కడిది? పని చేసుకునే తల్లులున్న ప్రతి బస్తీలో పసిపిల్లల కోసం ఒక శిశుసంరక్షణ గది, ఒక ఆయమ్మ కావాలి. గల్లీ జనం ఒకరినొకరు ఆదుకుంటారు కదా అని మోరీలు బాగుచేయకుండా, గదులు కట్టకుండా ఊరుకోవడం అన్యాయం. వాళ్ల ఓర్పు వాళ్ల సొత్తు, పాలకుల సాకు కాకూడదు.

ఈలోగా ఆడవాళ్లు తమకు తోచింది చేసుకుంటున్నారు. నేను చూసిన ఆ మగ్గం గదిలో ఒక ఏర్పాటు ఉంది. నలుగురిలో రోజుకొకరు మధ్యాహ్నం పనిలో కూర్చోరు. ఆ రోజు కూలిని మిగతా ముగ్గురూ సర్దుతారు. ఆమె అందరి పిల్లలనూ పక్క గదిలో ఆడిస్తుంది, అన్నం పెడుతుంది, పడుకోబెడుతుంది. ఆ రోజు వంతు పడినావిడ మగ్గం కింద ఉన్న బాబును కాళ్లు పట్టుకుని మెల్లగా బయటికి లాగింది. వాడు ఏడుపు మొదలుపెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నవ్వింది. వాడు కాసేపు ఆలోచించాడు. తర్వాత ఆమె చెవి జుంకాను పట్టుకుని, పక్క గదిలోకి వెళ్లేదాకా వదల్లేదు. తల్లి సూది ఒక్కసారి ఆగింది, లోపలి నుంచి ఏడుపు వినిపించకపోవడంతో మళ్లీ కదిలింది.